మంగత్త తాటాకు కొలత

నల్లవాగు ఒడ్డున జిగురుమట్టి గట్టు ఒకటుంది. దాని కింద బొరియలో ముళ్ళపంది మంగత్త కాపురం. ఆ మట్టితోనే పిడి ఉన్న మగ్గులు చేసేది. కుమ్మరిసారె తిప్పేది కాదు. మట్టిని రొట్టెలా పరిచి, పైన తాటాకు కొలత పెట్టి, తన ముల్లుతోనే అంచు వెంబడి కోసి, ఆ ముక్కను గుండ్రంగా చుట్టి అతికించేది.

నక్క భద్రయ్యకు మగ్గులతో పనిలేదు. కన్నంతా గట్టు కింది పీతల మీదే. ఒకసారి అక్కడ మూతి పెట్టి, మంగత్త ముళ్ళ పుణ్యమా అని నెల్లాళ్లు ముక్కుకు పసరు రాసుకున్నాడు. అందుకని అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి పెద్దిరాజు చెవిలో ఊదాడు: "గట్టు ఒక్కరి సొత్తాండీ? పోటీ పెట్టండి."

పెద్దిరాజు వేసవికి అంబలి చలివేంద్రం పెట్టబోతున్నాడు. "ఇరవై మగ్గులు కావాలి. ఒక్కొక్కటీ సరిగ్గా సోలెడు పట్టాలి. ఎవరి మగ్గులు సరిపోతే గట్టు వాళ్ళది," అని చాటించాడు. పుట్టి పెరిగిన బొరియ పోతుందేమోనని మంగత్తకు ఆ పూట ముద్ద దిగలేదు. ఆ సంగతి విని భద్రయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తా, నీ తాటాకు ఒకసారి ఇస్తావా? చూసి ఇచ్చేస్తాను."

"ఇవ్వను నాయనా. అది మా అమ్మ కోసిన ఆకు."

"పోనీ, ఒక మగ్గన్నా ఇవ్వు."

"పచ్చిది ఇవ్వనా, కాల్చింది ఇవ్వనా?"

"పచ్చిదెందుకు, చేతికంటుకుంటుంది. కాల్చిందే ఇవ్వు."

మంగత్త కాల్చిన మగ్గు ఒకటి తెచ్చింది. "నువ్వే అడిగావు. తీసుకో," అంది.

ఆకు దాచుకుని మగ్గు చేతికిచ్చిందే అని భద్రయ్యకు జాలేసింది. గెలిచాక ఒక పీత పంపుదామనుకున్నాడు. మగ్గుకు కొత్త తాటాకు చుట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా కోసుకున్నాడు. ఎవరైనా చూస్తే అనుమానపడతారని మగ్గును పగలగొట్టి వాగులో పారేశాడు. ఆ ఆకుతో ఇరవై మగ్గులు చేసి, ఆరబెట్టి, కాల్చాడు.

పోటీనాడు పెద్దిరాజు సోలతో అంబలి పోశాడు. మంగత్త మగ్గుల్లో అంచుదాకా వచ్చి ఆగింది. భద్రయ్య మగ్గుల్లోంచి పొంగి అతని కాళ్ళమీద పడింది.

"అన్యాయమండీ! అదే కొలత. ఆమె మగ్గుకే చుట్టి కోశాను, చూడండి!" అని మంగత్త మగ్గుకు ఆకు చుట్టి చూపించాడు. అంచులు సరిగ్గా కలిశాయి.

"ఇప్పుడు నీదానికి చుట్టు," అన్నాడు పెద్దిరాజు.

రెండు వేళ్ళ ఆకు మిగిలిపోయింది.

మంగత్త తన అమ్మ కోసిన ఆకు తెచ్చి తన మగ్గుకు చుట్టింది. దానికీ రెండు వేళ్ళు మిగిలాయి. "తడి మట్టి ఆరితే కొంత తగ్గుతుంది, కాలితే ఇంకొంత. ఆ తగ్గేది మా అమ్మ ముందే కలిపి కోసింది," అంది. "పచ్చి మగ్గు తీసుకునుంటే నీకూ సరిపోయేది భద్రయ్యా. చేతికంటుతుందన్నావు."

గట్టు మంగత్తకే ఉండిపోయింది. భద్రయ్యకు వేసవంతా చలివేంద్రానికి నీళ్ళు మోసే పని పడింది. కూలి పూటకో మగ్గు అంబలి. "ఎవరి మగ్గుతో?" అని అడిగాడు. పెద్దిరాజు భద్రయ్య చేసిన మగ్గే అందించాడు.

నీతి: చేతికి మట్టి అంటకుండా కొట్టేసిన కొలత, కొట్టేసినవాడికే తక్కువొస్తుంది.