చెంబెడు మజ్జిగ

ఏడు సముద్రాలకు ఇవతల, ఇప్పుడు ఏ బండీ వెళ్ళని చోట, ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆఖరివాడు మణికేతు.

ఆ రాజ్యంలోని నాగవరం కోటను కరాళుడనే మాంత్రికుడు ఆక్రమించుకున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. వాడి బలం నల్లపాగాల భటుల్లో ఉంది. ఎక్కడో సముద్రాల అవతల చిలక "కొట్టండి" అంటే, ఇక్కడ భటులు కొట్టేవాళ్ళు. "పట్టండి" అంటే పట్టేవాళ్ళు. ఎవర్ని, ఎందుకు అని అడిగేవాళ్ళు కారు. వాళ్ళ చెప్పుల చప్పుడు వినబడితే చాలు, వీధి వీధంతా తలుపులు మూసుకునేది.

చిలక కోసం బయలుదేరిన మణికేతును నల్లపాగాలు తరిమితే, నాగవరంలో సంపెంగి అనే సాలెల పిల్ల మగ్గం గుంటలో దాచింది.

"నేను తిరిగొచ్చాక మీ ఊళ్ళో తలుపులు మూసుకునే పనే ఉండదు" అని మాటిచ్చాడు మణికేతు.

"చూద్దాంలే" అంది సంపెంగి.

చేప వీపెక్కి, గద్ద రెక్క పట్టుకుని, చీమ చెప్పిన సందులో దూరి, చిలకను తెచ్చాడు. పీక నులమబోతుంటే రాజు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు నాయనా! దీని మాట వేలమంది వింటారు. ఇక ఇది మన చిలక కదా!"

చిలక బంగారు పంజరంలోకి వెళ్ళింది, మాంత్రికుడు చెరసాలలోకి వెళ్ళాడు. చెరసాలలో కూర్చుని మాంత్రికుడు నవ్వుకున్నాడు.

మణికేతు నాగవరం వెళ్ళి సంపెంగి తలుపు తట్టాడు.

"చిలక ఉందా, పోయిందా?" లోపలి నుంచే అడిగింది సంపెంగి.

"ఉంది. మా నాన్న దగ్గర."

"అయితే నా తలుపూ మూసే ఉంటుంది. పో."

ఏ ఊళ్ళోనూ తలుపులు తెరుచుకోకపోయేసరికి, నల్లపాగాల సంగతి తేల్చినవాడికే పట్టం అన్నాడు రాజు. పెద్దవాడు భటులందరినీ తరిమేశాడు. వాళ్ళు కత్తులతో సహా అడవికి పోయి, బాటసారులను దోచుకు తిన్నారు. రెండోవాడు వాళ్ళను వెనక్కి పిలిచి, తెల్లపాగాలు చుట్టించాడు. తెల్లపాగాల వాళ్ళు సంతలో ఊరికే సొరకాయలు పట్టుకుపోయారు. జనం మళ్ళీ తలుపులు మూసుకున్నారు. మూడోవాడు మణికేతు. ఏం చెయ్యాలో తోచక పంజరం ముందు చతికిలబడ్డాడు.

"చిలకమ్మా, నీకేం కావాలి?"

చిలక తల వంచి చూసింది. "నన్ను ఈ మాట అడిగినవాడు లేడు. అందరూ నా చేత అనిపించుకునేవాళ్ళే. నాకు జామపండు కావాలి."

అది చిలక సొంతంగా పలికిన మొదటి మాట. సొంత మాట పుట్టిన చిలకలో మాంత్రికుడి ప్రాణం నిలవలేదు, చెరసాలలో నవ్వు ఆగిపోయింది. వెళ్ళి చూస్తే గుప్పెడు బూడిద. మణికేతు పంజరం తలుపు తీశాడు. చిలక తోటలోకి ఎగిరిపోయింది.

"ఎంత పని చేశావురా!" రాజు నెత్తి కొట్టుకున్నాడు. "రేపు సైన్యం నా మాట వినకపోతే?"

"చెడ్డ మాటైతే వినకపోవడమే మంచిది నాన్నగారూ."

భటుల నాయకుడు భైరన్న బిక్కమొహంతో వచ్చాడు. "బాబూ, మరి మేం ఎవరి మాట వినాలి?"

"ఏ ఊరిని కాస్తారో ఆ ఊరి మాట. కత్తి గుమ్మం బయట పెట్టి మజ్జిగ అడగండి. పోస్తే మీరు ఆ ఊరి కావలి. పొయ్యకపోతే ఎందుకో అడిగి, చెప్పింది వినండి."

కొందరికి పోశారు. కొందరి మొహాన తలుపు వేశారు. అలా తలుపు వేయించుకున్న భటులు చెరువులు తవ్వే పనిలో చేరారు. భైరన్నకు ఒక ముసలమ్మ చెంబు చూపించింది కానీ పొయ్యలేదు.

"నా కొడుకునేం చేశావో ఊరందరి ముందు చెప్పు."

భైరన్న చెప్పాడు. ఏదీ దాచుకోలేదు. ఊరి పెద్దలు విధించిన చెర అనుభవించి, తల నెరిసి మళ్ళీ ఆ గుమ్మంలోకే వచ్చాడు. అప్పుడు ముసలమ్మ అరచెంబే పోసింది. ఆ అరచెంబునే కళ్ళకద్దుకుని తాగాడు.

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే మణికేతు నాగవరం వెళ్ళాడు. కత్తి బయట పెట్టాడు.

"సంపెంగీ, మజ్జిగ!"

"కావలివాడిగా అడుగుతున్నావా, ఇంటల్లుడిగానా?"

"రెండూ కుదరవా?"

"మజ్జిగ పుల్లగా ఉంటుంది మరి!" అంటూ తలుపు బార్లా తీసింది.

పెళ్ళయింది, పట్టాభిషేకమయింది. ఏటేటా ఆ రోజున రాజైన మణికేతే ఏదో ఒక గుమ్మం ముందు కిరీటం దించి మజ్జిగ అడిగేవాడు. ఒక ఏడు ఒక ఇల్లాలు పొయ్యనంది. ఎందుకో విని, తప్పు దిద్దుకుని మళ్ళీ వెళ్ళాడు. అలా చాలాకాలం ఏలాడు. నాగవరంలో తలుపులు వాన జల్లుకే మూసేవాళ్ళు. జామచెట్టు మీద చిలక మాత్రం తనకు తోచిందే వాగేది.