తెంపని గాలం దారం

ఎలుగుబంట్లను చూడాలని భార్యతో కలిసి అలాస్కాలోని ఒక సాల్మన్ చేపల నదికి వెళ్ళిన కోదండపాణికి దేన్నీ దూరం నుంచి చూసి తృప్తిపడే గుణం లేదు. జూలో పులిబోను దగ్గరికి వెళ్ళినా కమ్మీలకు ముక్కు ఆనించి మరీ చూసేవాడు.

ఆ నదిలో గాలం వేసుకోవచ్చు. కానీ అక్కడివాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. గాలానికి చేప తగిలినప్పుడు ఎలుగుబంటి అటుగా వస్తే, ఎంత పెద్ద చేపైనా సరే, దారం కోసి వదిలెయ్యాలి. వాళ్ళను తీసుకెళ్ళిన గైడు జోసెఫ్ అందరికీ చిన్న కత్తులు పంచాడు.

"గాలం పట్టిన మనిషి దగ్గర చేప దొరుకుతుందని ఎలుగుకు తెలిసిందంటే ఇక మనుషుల్ని వదలదు. అలాంటిదాన్ని కాల్చెయ్యక తప్పదు" అని చెప్పాడు. అందరితోపాటు కోదండపాణి కూడా బుద్ధిగా తలూపాడు.

కాసేపటికి ఆయన గాలానికే పెద్ద చేప తగిలింది. అది నీళ్ళలో కొట్టుకుంటున్న చప్పుడుకి, అవతలి ఒడ్డున రెండు పిల్లలతో ఉన్న తల్లి ఎలుగు తలెత్తి చూసి నదిలోకి దిగింది.

"దారం కోసెయ్యండి" అని జోసెఫ్ దూరం నుంచి కేకేశాడు.

"ఏవండీ, కోసెయ్యమంటున్నాడు" అంది భార్య హైమవతి.

"కోస్తే చేపా పోతుంది, ఎలుగూ పోతుంది. ఇంత దూరం వచ్చింది అందుకా? నువ్వు ఫొటో తియ్యి" అన్నాడు. చేపను లోతులేని చోటికి లాగి పడేసి, తను వెనక్కి జరిగాడు. తల్లి ఎలుగు దాన్ని నోట కరుచుకుని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. ఫొటో చాలా బాగా వచ్చింది.

పరిగెత్తుకొచ్చిన జోసెఫ్ ముఖం నల్లబడింది. "ఎందుకు చేశారండీ ఆ పని?"

"పాపం, పిల్లల తల్లి. ఓ చేప పెడితే పుణ్యమే కదయ్యా."

"నదినిండా చేపలున్నాయి. అది ఏ రోజూ పస్తుండలేదు" అన్నాడు జోసెఫ్.

మర్నాటి నుంచి ఆ ఎలుగు వేటాడటం మానేసింది. గాలానికి చేప కొట్టుకునే చప్పుడు వినిపిస్తే చాలు, పరిగెత్తుకొచ్చేది. తరిమినా పోయేది కాదు. చివరికి ఒక ముసలావిడ చేప పడుతుంటే ఆమె మీదికి ఉరికి, చెయ్యి చీరేసింది. ఆ సాయంత్రమే అటవీ ఉద్యోగులు దాన్ని కాల్చేశారు.

తుపాకీ చప్పుడు విని, ఇంకా అక్కడే బసచేసి ఉన్న కోదండపాణి దంపతులతో సహా అందరూ ఒడ్డుకు వెళ్ళారు. పిల్లలు రెండూ తల్లి ఒంటిని మూతులతో నెడుతూ పాలకోసం వెతుక్కుంటున్నాయి. హైమవతి చూడలేక ఏడ్చేసింది.

"నేను పెట్టింది ఒక్కసారే కదా" అని గొణిగాడు కోదండపాణి.

"దానికి ఒక్కసారే చాలింది" అన్నాడు జోసెఫ్.

"మరి ఆ పిల్లలు?"

"తల్లి లేకుండా ఈ చలికాలం దాటవు."

మర్నాడు కోదండపాణి విమానమెక్కాడు. ఆయన్ని ఎవరూ శిక్షించలేదు, ఆయనకు చిన్న గీత కూడా పడలేదు. తప్పు చేసినవాడికే శిక్ష పడిందని ఈ కథ వినే పిల్లలకు చెప్పాలని నాకూ ఉంది. కానీ ఆ నది ఒడ్డున అలా జరగలేదు.

నీతి: మన ముచ్చట కోసం చేసే దయ దయ కాదు, అది ఎదుటి ప్రాణి ఉసురు తీస్తుంది.