బొమ్మల పుస్తకానికి పప్పు బొట్టు

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో ఒకే ఒక్క గది బడి. ఆ బడికి ఒకే ఒక్క టీచరమ్మ, అలివేలమ్మ. ఊఁ కొట్టు మరి బంగారం, నువ్వు ఊఁ కొట్టకపోతే టీచరమ్మ అక్కడే ఆగిపోతుంది!

ఆవిడకి భక్తి జాస్తి. కాలికి పలక తగిలితే చాలు, పలకని కళ్ళకద్దుకునేది. ఆ పలక ఎవరిదో ఆ పిల్లకీ ఓ దణ్ణం పెట్టేది.

ఒకనాడు బడికి పెట్టెడు బొమ్మల పుస్తకాలు వచ్చాయి. "చదువులతల్లే నడిచొచ్చింది!" అని మురిసిపోయింది అలివేలమ్మ. అట్టలన్నిటికీ పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, బీరువాలో పెట్టి తాళం వేసింది. శుక్రవారం శుక్రవారం బీరువాకి అగరొత్తులు. పిల్లలేమో బీరువాకి దణ్ణం పెట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు. లోపల ఏముందో ఒక్కరికీ తెలీదు, పాపం!

అప్పుడు మండలం నుంచి, బడులన్నిటికీ పై అధికారి ఎంఈఓ సారు కబురంపాడు. "సోమవారం వస్తున్నా. మీ పిల్లలు ఒక్క పుస్తకం కథైనా చెప్పాలి. లేదంటే పెట్టె పక్కూరి బడికి ఇచ్చేస్తా."

అలివేలమ్మ గబగబా బీరువా తాళం తీసింది. ఇంటికొచ్చిన సరస్వతిని పొరుగూరు సాగనంపడమా! చేతిలో ఉన్నవి మూడే రోజులు.

గురువారం అన్నిట్లోకీ లావుపాటి పుస్తకం తీసింది. పేజీలు ఎక్కువైతే పుణ్యమూ ఎక్కువని ఆవిడ నమ్మకం. చదివింది, చదివింది, చదివింది. పదో పేజీకి పిల్లలంతా ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్ర. గుమ్మంలో కుక్క కూడా గుర్రు.

మర్నాడు శుక్రవారం సన్నపాటి పుస్తకం తీసింది. సంతకెళ్ళిన గేదె కథ. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, రాగం తీసి మరీ చదివింది. అయ్యాక, "ఏం చూశారర్రా?" అని అడిగింది.

"మీ చేతికి ఆరు గాజులు టీచరమ్మా! ఒకటి విరిగింది!"

శనివారం మళ్ళీ అదే పుస్తకం ఎత్తింది. అప్పుడు ఒకటో తరగతి పైడితల్లి లేచి నిలబడింది. చిటికెన వేలంత పిల్ల! "బొమ్మలన్నీ నువ్వే సూసేత్తే మేమేటి సూడాలి టీచరమ్మా?" అంది.

నిజమే కదా! టీచరమ్మ పుస్తకాన్ని పిల్లల వైపు తిప్పింది. ఇప్పుడు ఆవిడకి అక్షరాలు కనపడవు. ఆవిడ నోరు మూతపడింది, పిల్లల నోళ్ళు తెరుచుకున్నాయి.

"గేదె కొమ్ముకి బుట్ట!" "బుట్టలో కొబ్బరిముక్కలు!" "అదుగో, కాకి ఎత్తుకుపోతంది!"

కాకేమిటి? అలివేలమ్మకి చదివినప్పుడు ఏ కాకీ తగల్లేదే! ఇటు తిప్పి చూసింది. ప్రతి పేజీలోనూ ఓ మూల దొంగకాకి! లెంపలేసుకుంది టీచరమ్మ.

సోమవారం భోజనాల వేళకి సారు దిగాడు. పుస్తకం తెరిచి, "బుట్టలో సరుకు ఏమైందర్రా?" అన్నాడు.

"కాకి తినేసింది సార్!"

సారు కళ్ళజోడు సవరించుకుని అక్షరం అక్షరం వెతికాడు. "ఇందులో కాకే లేదు. తప్పు కథ నేర్పారు టీచరుగారూ! పుస్తకాలు సర్దించండి."

అలివేలమ్మ మనసులోనే ఏడుకొండలవాడికి మొక్కేసుకుంది. అప్పుడే పైడితల్లి అన్నం దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఇదుగో సారూ కాకి!" అని పప్పు వేలు పేజీ మీద ఠపీమని పెట్టింది. పచ్చగా మరక!

సారు మరకని చూశాడు. మరక పక్కన కాకిని చూశాడు. పేజీ తిప్పాడు. "ఓహో, ఇక్కడ బండి కింద నక్కిందీ!" ఇంకోటి తిప్పాడు. చాప మీద కూలబడ్డాడు. బయట జీపు డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ, చివరికి తనూ లోపలికొచ్చి కాకిని వెతికాడు.

వెళ్తూ వెళ్తూ సారు అన్నాడు, "పసుపు అట్టల మీదే ఉండుంటే పెట్టె పట్టుకుపోయేవాణ్ణమ్మా. లోపల కూడా బొట్టు పడిందిగా, ఉంచుకోండి."

అలివేలమ్మ ఆ పప్పు బొట్టుని కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత బీరువా తాళంచెవి తెచ్చి పైడితల్లి జడ రిబ్బనుకి కట్టేసింది.

కాకేమో కొమ్మకి,
గేదేమో పాకకి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి!