రాళ్ల కింద పడుకున్న కుక్క

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు సున్నం బట్టీ పుల్లన్న. మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. దీన్ని వేరేగా చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక్కడూ పుల్లన్న పక్కన కూర్చుని విన్నవాడు కాడు.

ఒక ఊళ్లో ఒక రాళ్లవాడు ఉండేవాడు. వీరగల్లులు చెక్కడం అతని పని. ఆ ఊరికి ఒక కట్టడి ఉంది. ఊరి కోసం చచ్చిపోయినవాడికి ఊరి బయట మిట్ట మీద, వరసలో ఒక రాయి నిలబెడతారు. వాడు ఏం చేసి చచ్చాడో ఆ రాతి మీద కనబడాలి. కింద పోరు, నడుమ వాణ్ణి మోసుకుపోయే దేవకన్యలు, పైన కైలాసం. ఏమీ చేయనివాడికి రాయి లేదు. ఏటా జొన్న కోతలైనాక ఒక దినం, ఎవరి రాయిని వాళ్లు కడిగి, నూనె రాసి, దీపం వెలిగించి, ఒక ముద్ద పెట్టి వస్తారు.

రాళ్లవాడికి ఒక కుక్క ఉండేది. ఆడది, గోధుమ రంగు. ఎడమ చెవి కొస చిన్ననాడే తెగిపోయింది. ఎట్లా తెగిందో అతనికీ తెలియదు. పొద్దున అతను ఉలి సంచి భుజాన వేసుకోగానే అది లేచేది. మిట్ట దాకా వెంట నడిచి, చెక్కే రాతి మొదట్లో పడుకునేది. ఉలి దెబ్బకు దుమ్ము దాని మీదే పడేది. ఒళ్లంతా తెల్లబడ్డాక లేచి ఒకసారి విదిలించుకుని మళ్లీ అక్కడే పడుకునేది. మధ్యాహ్నం అతను సంగటి మూట విప్పితే అందులో సగం దానిది. పదకొండేళ్లు ఇదే వరస. ఆ పదకొండేళ్లలో అతను పద్నాలుగు రాళ్లు చెక్కాడు.

పద్నాలుగో రాయి ముగింపుకు వచ్చింది. ఎండాకాలం. ఆ పొద్దు దుమ్ము పడుతూనే ఉంది, కుక్క విదిలించుకోలేదు. ముసలిదైంది, ఒళ్లు బద్ధకమనుకున్నాడు. చెక్కుతూనే పోయాడు. సంగటి విప్పి దాని సగం దాని ముందర పెట్టాడు. చీమలు వచ్చాయి గానీ అది తల ఎత్తలేదు. అప్పుడు వంగి చేయి వేశాడు. దుమ్ము కింద ఒళ్లు బిగుసుకుపోయి ఉంది. ఎప్పుడు పోయిందో తెలియదు. పోయిన తర్వాత తను ఇంకా ఎన్ని దెబ్బలు కొట్టాడో తెలియదు.

మిట్ట పక్కనే పూడ్చాడు. మరుసటి రోజు పొద్దున్నే ఊరిపెద్ద అరుగు ముందర నిలబడ్డాడు.

“వరసలో ఒక రాయి పెట్టుకుంటాను, పెద్దయ్యా. మోకాలెత్తు చాలు.”

“ఎవరికప్పా?”

“నా కుక్కకు.”

అరుగు మీదివాళ్లు నవ్వారు. “దాన్ని దేవకన్యలు మోస్తారా, ఊళ్లో మగకుక్కలన్నీ కలిసి మోస్తాయా?” అన్నాడొకడు.

ఊరిపెద్ద నవ్వలేదు. కట్టడి ఎక్కడైనా కట్టడే. “ఏం చేసింది నీ కుక్క?” అని అడిగాడు.

“ఏమీ చేయలేదు. నాతోనే వచ్చేది.”

“వచ్చి?”

“పడుకునేది.”

మళ్లీ నవ్వు లేచింది. ఊరిపెద్ద చేయెత్తి ఆపాడు. “చూడు, నువ్వు పనిమంతుడివి. నీ మాట తీసెయ్యలేను. చిరుత ఊరి మీదికొస్తే అడ్డం పడి చచ్చిందని చెక్కు. నిలబెట్టుకో. ఎవడు అడగొస్తాడు?”

“నేనడుగుతా. పిల్లి ఎదురొస్తే నా కాళ్ల సందున దూరేదది. దాని ముందర చిరుతను ఎట్లా పెట్టేది?”

“మా నాయన ముందర పులిని పెట్టలేదా నువ్వు?”

“పెట్టినా. మీరు చెప్పినారు, నేను చెక్కినా. అది మీ మాట. ఇదైతే నా మాట అవుతుంది.”

నవ్వు ఆగిపోయింది. తనెత్తిన మాట తన మీదికే తిరిగేసరికి ఊరిపెద్ద మొహం నల్లబడింది. “అట్లయితే రాయి లేదు. పో,” అన్నాడు.

రాళ్లవాడు మిట్టకు పోయి కూర్చున్నాడు. పని ముట్టలేదు. నాలుగో రోజు ఒక ముసలమ్మ కట్టెలు ఏరుకుంటూ అటు వచ్చింది. ఆ పద్నాలుగు రాళ్లలో తొమ్మిదోది ఆమె మొగుడిది. కట్టెల మోపు దించి అతని పక్కన కూర్చుంది.

“నా మొగుడు ఎట్లా పోయినాడప్పా?” అంది.

“జ్వరంతో, అవ్వా. దండు వెంట పోతా పోతా దారిలో.”

“మరి ఈ రాతి మీద?”

“గుర్రాన్ని నరుకుతా ఉన్నాడు.”

“గుర్రం దాకా ఎందుకు? ఆవు తంతాదని పాలు గూడా నాతోనే పిండించేవాడు. ఏటా ఎవరో మీసాలోడికి ముద్ద పెట్టి పోతా ఉన్నా.” ఆమె రాతి మొదలు వైపు చేయి చూపింది. “నువ్వు ఇది చెక్కిన నెలన్నాళ్లూ నీ కుక్క ఇదో, ఇక్కడ పడుకునింది. అప్పుడు దాని కడుపులో పిల్లలు. నా కండ్లతో చూసినా. ఈ రాతి కాడ నిజంగా జరిగింది అదొక్కటే. చెక్కితే అది చెక్కు.”

ప్రతి రాతికీ అడుగున ఒక జానెడు మేర నునుపుగా వదిలేస్తారు, మట్టి ఎగజిమ్మినా బొమ్మ మాయకుండా. రాళ్లవాడు ఆ జానెడులో, నిండు కడుపుతో పక్కకు ఒరిగి పడుకున్న కుక్కను చెక్కాడు. ఎడమ చెవి కొస తీసేశాడు. ముసలమ్మ వేలితో దాని పొట్ట తడిమి, మోపు నెత్తిన పెట్టుకుని పోయింది.

తర్వాత అతను మిగతా పదమూడు రాళ్ల దగ్గరికీ పోయాడు. దారిన పోయేవాళ్లు అడిగితే మట్టి గీకుతున్నానని చెప్పాడు. ఏ రాయి చెక్కేటప్పుడు అది ఎట్లా పడుకుందో అట్లాగే చెక్కాడు. మొదటి రాతి కింద గుప్పెడంత పిల్ల. చలికాలపు రాతి కింద ముక్కు తోకలో దాచుకుని చుట్ట చుట్టుకున్నది. ఎండాకాలపు రాతి కింద నాలుగు కాళ్లూ చాపుకున్నది. పద్నాలుగో రాతి కింద చెక్కడానికి అతనికి అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది. దాని ముందర ఒక ముద్ద కూడా చెక్కాడు. తన నాయన కాలంలోవీ, కుక్క పుట్టకముందు తను చెక్కినవీ ముట్టుకోలేదు. అక్కడ అది పడుకోలేదు గదా.

దీపాల దినం వచ్చింది. రాళ్లు కడుగుతుంటే కుక్కలు బయటపడ్డాయి. ఎవరూ కోపం చేసుకోలేదు. రాళ్లవాడు భయపడింది ఒకటి, జరిగింది ఇంకొకటి.

“మా తాతకు కుక్క ఉండేదంట,” అంది ఒక ఇల్లు. “మా మామ శవాన్ని వదలకుండా కాపలా కాసిందంట,” అంది ఇంకో ఇల్లు. సాయంత్రానికి తెగిన చెవికి పద్నాలుగు కారణాలు పుట్టాయి. ఒకచోట కత్తి, ఒకచోట బాణం, ఒకచోట తోడేలు.

రాళ్లవాడు వరస పొడుగునా తిరిగాడు. “అవి పద్నాలుగు కావు నాయనా, ఒక్కటే. నాది. దానికి పోట్లాట తెలీదు,” అని చెప్పాడు. వాళ్లు జాలిగా చూశారు. “కుక్క పోయినకాడి నుంచి మనిషి ఇట్లా అయినాడు,” అనుకుని అతని చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టారు.

ఊరిపెద్ద తండ్రి రాతికి కుక్క లేదు. అది తలవంపైంది. మూడో రోజు ఊరిపెద్ద తనే రాళ్లవాడి ఇంటికి నడిచొచ్చాడు.

“మా నాయన రాతికీ ఒక కుక్కను పెట్టు.”

“మీ నాయన రాయి చెక్కేనాటికి అది పుట్టలేదు, పెద్దయ్యా.”

“నీ కుక్కకు వరసలో రాయి ఇస్తా. మోకాలెత్తు కాదు, మనిషెత్తు. ఏమీ చెక్కవద్దు దాని మీద, నీ ఇష్టం. మా నాయనకు ఒక్క కుక్క చాలు.”

రాళ్లవాడు ఆ పూటంతా ఇంటి ముందర కూర్చున్నాడు. అడిగినంత దొరికింది, అడగనంత దొరికింది. పొద్దు వాలాక పోయి చెప్పాడు. “అది అక్కడ పడుకోలేదు.”

ఊరిపెద్ద పొరుగూరి నుంచి ఇంకో రాళ్లవాణ్ణి పిలిపించాడు. వాడు అడుగు జానెడులో కాదు, బొమ్మ నడుమనే పులి గొంతు పట్టుకున్న కుక్కను చెక్కిపోయాడు. మగది. రెండు చెవులూ నిక్కబొడుచుకుని ఉన్నాయి. చూడచక్కని పని, ఆ మాట పుల్లన్న కూడా ఒప్పుకున్నాడు. జనం దానికే మొదటి దండ వేశారు. చిన్న కుక్కలన్నీ దాని పిల్లలన్నారు.

రాళ్లవాడు తర్వాత ఉలి పట్టలేదు. ఒక్క అబద్ధానికి ఒప్పుకోనందుకు పదిహేను అబద్ధాలు లేచి నిలబడ్డాయి. వాటికి రాయి ఇచ్చింది తన చేతులే. ముసలమ్మ ముందు పోయింది, ఆ వెనుక అతను. ఇద్దరూ ఊరి కోసం చావలేదు, కాబట్టి ఇద్దరికీ రాయి లేదు.

ఇప్పుడు ఆ మిట్ట మీద ఇనుప బోర్డు ఒకటి నాటారు. వీరుల పక్కన నిలబడి పోరాడిన పదిహేను కుక్కల సాహసం అని దాని మీద రాశారు. రాసిన పంతులుకు నేను రెండుసార్లు చెప్పి పంపాను. బదులు రాలేదు, ఆ సంగతి నేను మరిచిపోలేదు. నాకు రాత అంతంత మాత్రం. చదువుకున్నవాళ్లు ఎవరైనా అటు పోతే ఆ బోర్డు సరిచేయించండి. పద్నాలుగూ ఒకటే కుక్క అని, ఆడదని రాయించండి. పదిహేనోది లెక్కలోకి రాదని రాయించండి. సాహసం అనే మాట కొట్టేయించండి. దాని బదులు ఏ మాట పెట్టాలో నాకు తెలియదు, పుల్లన్న కూడా చెప్పలేకపోయాడు. అక్కడ ఖాళీ వదిలేసినా సరే.