మసి పూసిన ఆకు

రాసుకునే వాళ్లంటే చెన్నమల్లుకు చులకన. ఎందుకుండదు మరి! ఎంత పెద్ద పద్యమైనా ఒక్కసారి వింటే చాలు, నోటికి వచ్చేసేది. ఏకసంథాగ్రాహి అని నల్లమల అంచున ఉన్న ఆ మఠమంతా అతణ్ణి నెత్తిన పెట్టుకుంది. వచ్చే పున్నమికి పీఠం అతనిదేనని అందరికీ తెలుసు. అతనికి ఇంకా బాగా తెలుసు.

ఒక్కటే అతనికి చిన్నతనంగా ఉండేది. గురువుగారు సోమశేఖరస్వామి అంతటి పండితుడై ఉండి, ఎవరొచ్చి ఏం చెప్పినా తాటాకు తీసి గంటంతో గీసుకునేవారు. ఫలానా ముసలమ్మకు మోకాలు నొప్పి, ఫలానా వాగు పొంగింది. ఇవీ ఆయన రాతలు!

"కరణంలా ఆ గీతలెందుకు స్వామీ? నన్నడిగితే చెప్పనూ?" అనేవాడు. గురువుగారు నవ్వేసి మళ్లీ గీసుకునేవారు.

ఒకనాటి సాయంత్రం గురువుగారు పూజలో ఉండగా, అడవిలో ఉండే చెంచు ఈదన్న మఠం వాకిట్లోకి వచ్చాడు.

"సామీ, నడిమి బావి కాడ ఎలుగుబంటి పిల్లలు పెట్టింది. మనిషి కనబడితే మీద పడతాంది. రేపు శ్రీశైలం నడిచేటోళ్లను పైబాటన పంపండి. కాస్త రాసి పెట్టుకోండి సామీ."

చెన్నమల్లుకు చురుక్కుమంది. "రాసుకోవడమా? నా తలకాయ తాటాకు కన్నా తీసికట్టా? గుర్తుంటుంది, పోవయ్యా!"

జనం బయల్దేరేటప్పుడు చెబితే సరిపోతుందిలే అనుకున్నాడు.

పూజ ముగించుకుని వస్తున్న గురువుగారి చెవిన "గుర్తుంటుంది, పోవయ్యా" అన్న మాటొక్కటే పడింది. తెల్లారగానే శిష్యుణ్ణి పిలిచి, "మల్లూ, ఇవాళ పొద్దుగూకే దాకా నీకు మౌనం. సైగ కూడా చెయ్యకూడదు" అన్నారు.

ఓస్, ఇంతేనా అనుకున్నాడు చెన్నమల్లు. ముందూ వెనకా చూడకుండా తల వంచి ఒప్పుకున్నాడు.

అంతలో నడక జనం నలభై మంది కదిలారు. చంకన పిల్లలతో ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు దారి చూపే ఓబులేసు ఎప్పటిలాగే కిందిబాట పట్టాడు. ఆ బాట నడిమి బావి మీదుగానే పోతుంది.

చెన్నమల్లు చటుక్కున లేచాడు. ఈదన్న మాట అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఏం లాభం? నోరు తెరిస్తే గురువాజ్ఞ మంట గలుస్తుంది. తెరవకపోతే ఆ పసిపిల్లలు! పోతే పోనీ వ్రతం అని నోరు తెరవబోయాడు.

"ఓబులేసూ, ఆగు" అన్నారు గురువుగారు. శిష్యుడి మొహంలో కంగారు అప్పటికే కనిపెట్టారు. తన గంటం, ఒక తాటాకు అతని ముందుకు జరిపారు.

చెన్నమల్లు గబగబా గీశాడు. పరుగెత్తుకెళ్లి ఓబులేసు చేతిలో పెట్టాడు. ఓబులేసు ఆకును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇందులో ఏముంది సామీ? ఉత్త ఆకేగా!"

జనం గొల్లుమన్నారు.

పాపం, వెయ్యి పద్యాలు వచ్చినవాడికి ఈ చిన్న సంగతి తట్టలేదు. గంటంతో గీసిన అక్షరం మసి పూస్తే గానీ కంటికి ఆనదు. సిగ్గుతో చచ్చినంత పనై వంటింట్లోకి ఉరికాడు. కుండ అడుగున అరచేయి రుద్దుకొచ్చి ఆకంతా పామాడు. వంకరటింకర అక్షరాలు నల్లగా పైకి తేలాయి.

ఓబులేసు కూడబలుక్కుని చదివాడు. "నడిమి బావి కాడ... ఎలుగుబంటి... అమ్మో, శివా!"

నవ్వులు ఆగిపోయాయి. ఒక తల్లి చంకలోని పిల్లను గుండెకు హత్తుకుంది.

"ఈ ఆకును బాటలు చీలేచోట కొమ్మకు కడతాను సామీ. మా వెనకొచ్చేవాళ్లు కూడా చూసుకుంటారు" అని ఓబులేసు ఆకు పట్టుకుని పైబాటకు మళ్లాడు. జనం అతని వెంట నడిచారు.

చెన్నమల్లు మసి చేతులతో వాకిట్లో నిలబడిపోయాడు. పండితుల సభలో శాలువా కప్పిననాడు కూడా అతనికి అంత గర్వం కలగలేదు. ఛాతీ ఉప్పొంగింది, కళ్లు చెమర్చాయి. గురువుగారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయన మొహమూ వెలిగిపోతోంది.

"చూడు మల్లూ" అన్నారు. "నువ్వు నోరు మూసుకుని ఇక్కడే ఉన్నావు. నీ మాట నలభై మందికి ముందు నడుస్తోంది."