ముళ్ళపంది ఓబులమ్మ పొయ్యి బేరం

నేను ఇంతవరకు ఏ కథా రాయలేదు. ఇంట్లో పిల్లలకు చెప్పడమే గానీ కాగితం మీద పెట్టింది లేదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

గుండ్రాళ్ళకోన అని ఒక అడవి. ఆ అడవిలో ఎలుగుబంట్లు, కుందేళ్ళు, అడవికోళ్ళు, కొండముచ్చులు ఉండేవి. కొండ అడుగున ఒక బొరియలో ఓబులమ్మ అనే ముళ్ళపంది తన ఇద్దరు పిల్లలతో కాపురం ఉండేది.

ఓబులమ్మకు సిగ్గు ఎక్కువ. ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, ఆమె ముళ్ళు వాటంతటవే లేచి నిలబడేవి. పిలిచినవాళ్ళు భయపడి రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు. అది చూసి ఆమెకు ఇంకా సిగ్గు వేసేది. అందుకని అవసరం పడితే తప్ప నోరు విప్పేది కాదు.

ఓబులమ్మ రోజూ రాగి సంగటి వండేది. బొరియ బయట మూడు రాళ్ళ పొయ్యి. దాని మీద అడుగు గుండ్రంగా ఉన్న మట్టికుండ. ఆ మూడు రాళ్ళ మధ్య కుండ బిగుసుకుని కూర్చునేది. ఓబులమ్మ పక్కనే చతికిలబడి, రెండు చేతులా తెడ్డు పట్టి, ఒళ్ళంతా బరువు మోపి గెలికేది. సెగ తగ్గితే సంగటి ఉండలు కడుతుంది. అందుకని కుండను కిందికి దించకుండా పొయ్యి మీదే గెలకాలి.

ఎండాకాలం అంతా బాగానే గడిచేది. చిక్కంతా వానాకాలంలోనే.

పోయిన వానాకాలం బయటున్న పొయ్యి తడిసి రాజలేదు. పిల్లలు పదిరోజులు పచ్చి దుంపలు తిన్నారు. చిన్నదానికి కడుపునొప్పి పట్టుకుని లేవలేకపోయింది. బొరియలోపల మంట పెడితే పొగ కమ్మి, తల్లీపిల్లలు దగ్గుకుంటూ బయటికి పరుగెత్తారు. ఆ రోజులు ఓబులమ్మ మరిచిపోలేదు.

'ఈసారి వానలు పడేలోపు ఇంట్లో పెట్టుకునే పొయ్యి ఒకటి కొనాలి' అనుకుంది. ఎండాకాలమంతా చెట్లచుట్టూ తిరిగి చారపప్పు ఏరి ఒక మూట కట్టింది. ఆ మూట ఇస్తే ఒక్క పొయ్యి వస్తుంది. ఒకే ఒక్క పొయ్యి. తప్పుది కొంటే మళ్ళీ ఎండాకాలం దాకా ఆగాల్సిందే.

కోనలో వారానికి ఒకసారి సంత. అక్కడ కొండముచ్చు శేషప్ప పొయ్యిలు అమ్మేవాడు. ఓబులమ్మ వెళ్ళి చూసింది. చూసి తెల్లబోయింది. ఒకటా రెండా! నల్లటి అద్దం పలక మీద కూర్చోబెట్టిన గ్యాస్ పొయ్యిలు. మీట నొక్కితే వేడెక్కే కరెంటు పొయ్యిలు. ఇనప పొయ్యిలు. మూలన ఎవరూ చూడని మట్టిపొయ్యి కూడా ఒకటి ఉంది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు శేషప్ప.

"పొయ్యి" అంది ఓబులమ్మ.

"ఇక్కడున్నవన్నీ పొయ్యిలే కదమ్మా! ఏ పొయ్యి?"

ఓబులమ్మ ఆ వరసలన్నీ ఇంకోసారి చూసింది. "మళ్ళీ వస్తా అన్నా" అని వచ్చేసింది.

దారిలో అడవికోడి సులోచన ఎదురైంది. ఏ కొత్త వస్తువైనా సులోచనకు నలుగురికన్నా ముందే ఉండాలి. "అద్దం పొయ్యి తీసుకో వదినా! తుడిస్తే మొహం కనబడుతుంది. నేనైతే నాలుగు మంటలది కొంటా. నెమలి ఇంట్లో మూడే ఉన్నాయి" అంది.

ఓబులమ్మకు అది నిజమే అనిపించింది.

కాస్త దూరం పోయాక కుందేలు చిన్నప్ప కనిపించాడు. "అద్దమా? నీకేమైనా పిచ్చా అక్కా? కరెంటు పొయ్యి కొను. మంట లేదు, పొగ లేదు. పాలు పెట్టి అటు తిరిగి ఇటు తిరిగేలోపు పొంగుతాయి. బొరియ మీద ఎండపలక పెట్టుకుంటే కరెంటు ఊరికే వస్తుంది."

ఓబులమ్మకు అదీ నిజమే అనిపించింది.

ఏటి ఒడ్డున ఎలుగుబంటి మల్లప్ప హోటలు. ఆయన గట్టిగా నవ్వాడు. "పాలు కాచుకునేవాడి మాట వింటావా అమ్మాయ్? పొయ్యి అంటే మంట భగ్గుమనాలి! నాదిగో, ఈ ఇనప పొయ్యి మీద పొద్దున ముప్పై దోసెలు పోశా. ఇదే కొను."

ఆ నవ్వుకు ఓబులమ్మ ముళ్ళు లేచి నిలబడ్డాయి. ఇంటికి వచ్చేసరికి తల గిర్రున తిరుగుతోంది. అద్దందా? కరెంటుదా? ఇనపదా? ఎవరు ఆఖర్న చెబితే వాళ్ళదే నిజమనిపిస్తోంది. పొద్దున అద్దంది అనుకుంటే మధ్యాహ్నానికి కరెంటుది అయ్యేది. సాయంత్రానికి రెండూ వద్దనిపించేది.

"అమ్మా, ఏ పొయ్యి కొంటున్నాం?" అని పిల్లలు అడిగారు.

"తెలిస్తే చెప్పనా?" అని విసుక్కుంది. విసుక్కున్నందుకు మళ్ళీ తనే బాధపడింది.

వారం గడిచిపోయింది. చీమలు గుడ్లు మోసుకుని గట్టు ఎక్కుతున్నాయి. కొండ మీద మబ్బు కూడుతోంది. తెల్లారితే సంత.

ఆ సాయంత్రం ఓబులమ్మ ఎప్పటిలాగే సంగటి గెలుకుతోంది. రాళ్ళ మధ్య కుండ కదలకుండా కూర్చుని ఉంది. తెడ్డు అడుగుదాకా దిగుతోంది. గెలుకుతూ గెలుకుతూ ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది.

'ఇంతమంది ఇన్ని చెప్పారు. నీ కుండ ఎట్లాంటిది అని ఒక్కరైనా అడిగారా? అడగలేదు. పోనీ, నేనైనా చెప్పానా? నేనూ చెప్పలేదు!'

మరునాడు ఓబులమ్మ నెత్తిన చారపప్పు మూట, చంకలో మట్టికుండ, చేతిలో తెడ్డు, కొంగున రాగిపిండి కట్టుకుని సంతకు బయలుదేరింది.

సులోచన అప్పటికే అంగడి ముందు నిలబడి ఉంది. ఓబులమ్మను చూసి రెక్కలు టపటపా కొట్టుకుని నవ్వింది. "ఏం వదినా! పొయ్యి కొనడానికి వచ్చావా, సంతలో కాపురం పెట్టడానికి వచ్చావా?"

సంతంతా నవ్వింది. ఓబులమ్మ ముళ్ళు నిలువునా లేచాయి. కాళ్ళు ఇంటిదారి పట్టబోయాయి. అంతలో చిన్నది కడుపు పట్టుకుని పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఆగింది.

"శేషప్పన్నా" అంది నెమ్మదిగా. "కొనేముందు ఒకసారి వండి చూడొచ్చా?"

శేషప్ప బుర్ర గోక్కున్నాడు. "ఇన్నేళ్ళలో ఇట్లా అడిగినవాళ్ళు లేరమ్మా. సరే, కానివ్వు."

ముందు కరెంటు పొయ్యి. నున్నటి పలక మీద గుండ్రటి కుండ పెడితే అటు ఒరిగింది, ఇటు ఒరిగింది. పొయ్యి కీచుకీచుమని అరిచి ఊరుకుంది. చెయ్యి పెట్టి చూస్తే నీళ్ళు చల్లగానే ఉన్నాయి.

"దీనికి మట్టికుండ పనికిరాదమ్మా. అడుగు చదునుగా ఉండే ఇనప గిన్నో, దీనికి పనికొచ్చే స్టీలు గిన్నో కావాలి" అన్నాడు శేషప్ప.

"గిన్నెలు కూడా కొనుక్కో అక్కా" అన్నాడు గుంపులో ఉన్న చిన్నప్ప.

"ఉన్నది ఒక్క మూట తమ్ముడూ. పైగా వానాకాలంలో ఎండ ఎక్కడిది, నీ ఎండపలకకు?"

చిన్నప్ప చెవులు కిందికి వాల్చాడు. "నేను పొద్దున ఒక్కసారి పాలు కాచుకుంటా. నాకు సరిపోతుంది. ఆ సంగతి ఆలోచించలేదక్కా."

తరువాత అద్దం పొయ్యి. అది ఎత్తు అరుగు మీద ఉంది. ఓబులమ్మ రాయి వేసుకుని ఎక్కింది. మంట నీలంగా, అందంగా వచ్చింది. నీళ్ళు సలసలా తెర్లాయి. పిండి పోసి, తెడ్డు పెట్టి బరువు మోపింది. అంతే, సన్నటి కమ్ముల మీద కుండ సర్రున జారింది.

"అయ్యయ్యో, ఆగమ్మా! అద్దం!" అని శేషప్ప ఒక్క గెంతున వచ్చి కుండను పట్టుకున్నాడు. ఊపిరి పీల్చుకుని అడిగాడు. "నీ బొరియకు కిటికీ ఉందా?"

"లేదన్నా. ఒకటే వాకిలి."

"అయితే గ్యాస్ నీకు అసలే వద్దు. పొరపాటున కారితే నేలబారున నిలిచిపోతుంది. కిందపడుకునేది మీరే కదా. ముందే అడగాల్సింది, నాదే తప్పు."

సులోచనకు ఓపిక పోయింది. "మీ వంటలు తరువాత చేసుకోండి. ఆ నాలుగు మంటలది నాకు కట్టివ్వు."

"నీ గిన్నెలు ఎట్లాంటివమ్మా?" అన్నాడు శేషప్ప. ఇప్పుడిప్పుడే అడగడం నేర్చుకున్నాడు కదా.

"మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగ ఉంది. ఇద్దరు పడితే గానీ లేవదు."

"అంత బరువా? అద్దం మీద అది..."

"గిన్నెదేముందయ్యా! పొయ్యి బాగుంటే వంట అదే బాగుంటుంది" అని సులోచన మెడ ఎగరేసుకుంటూ పొయ్యి ఎత్తించుకుని వెళ్ళిపోయింది.

మల్లప్ప చెప్పిన ఇనప పొయ్యి ఓబులమ్మ బొరియ వాకిట్లోనే పట్టదు. అది కొలవకుండానే తెలిసిపోయింది.

ఓబులమ్మ బిక్కమొహం వేసింది. మూడూ పోయాయి. ఇక ఏం కొనాలి? మూటతో వెనక్కి పోవాలా? అప్పుడు ఆమె చూపు మూలనున్న మట్టిపొయ్యి మీద పడింది. వెనుక రేకు గొట్టం ఉంది.

"అది పాతకాలందే కదన్నా?"

"కాదమ్మా. చూపుకు అట్లా ఉంటుంది గానీ, లోపల కట్టిన తీరు వేరు. గొట్టం బయటికి పెడితే పొగంతా అందులోంచే పోతుంది. నలుగురు చూసి ముక్కు విరిస్తే మూలకు నెట్టాను."

ఓబులమ్మ దాని మీద కుండ పెట్టింది. కుండ అడుగు పొయ్యి నోట్లో ఒదిగి కూర్చుంది. ఆమె నేల మీద చతికిలబడింది. పుల్లలు అంటించింది. పొగ గొట్టం వెంట పైకి పోయింది. రెండు చేతులా తెడ్డు పట్టి, ఒళ్ళంతా బరువు మోపి గెలికింది. కుండ మెదల్లేదు.

సంగటి ఒక్క ఉండ లేకుండా మెత్తగా దిగింది. సంతకు వచ్చిన మల్లప్ప ఒక ముద్ద నోట్లో వేసుకుని, "బాగుంది అమ్మాయ్! కానీ దీని మీద నా దోసెలు కావు" అన్నాడు.

"మీ దోసెలకు మీ పొయ్యే మంచిది మామా" అంది ఓబులమ్మ. అంతమందిలో అంత మాట అనేసరికి తనకే ఆశ్చర్యం వేసింది. ఈసారి ముళ్ళు లేవలేదు.

అయినా మూట ఇచ్చేముందు అద్దం పొయ్యిల వైపు ఇంకోసారి చూసింది. 'అందరూ మెరిసేవి కొంటుంటే నేను మట్టిది కొంటున్నానే, తప్పు చేస్తున్నానా?' దారిపొడుగునా అదే గుబులు.

ఇంటికి వచ్చి బొరియ కప్పుకు కన్నం తవ్వింది. తవ్వడం ముళ్ళపందికి ఒకరు నేర్పాలా! వాన నీళ్ళు లోపలికి దిగకుండా ఏటవాలుగా తవ్వి గొట్టం పైకి పెట్టింది. మట్టి మెత్తి బిగించింది. పుల్లలు ఎండినవి ఏరి లోపల పేర్చింది. పని ముగిసేసరికి తొలి చినుకు పడింది.

అదే వేళకు అవతలి గుట్ట మీద సులోచన ఇంట్లో ఫట్‌మని చప్పుడైంది. వేడెక్కిన అద్దం మీద నీళ్ళు నిండిన గుండిగను ఇంకొకరి సాయంతో ఎత్తి దభీమని దించింది. కొన్ని నీళ్ళు తొణికాయి. పలక ఈ చివరి నుంచి ఆ చివరికి పగిలింది. నాలుగు మంటల్లో ఒక్కటీ మిగల్లేదు.

మరునాడు పొద్దున వాన కుండపోతగా కురుస్తోంది. ఓబులమ్మ పొయ్యి అంటించింది. పొగ గొట్టంలోంచి పోయింది. పిల్లలు వెచ్చగా పొయ్యి పక్కన చేరి వేడివేడి సంగటి తిన్నారు. చిన్నది రెండో ముద్ద అడిగింది. అప్పుడు గానీ ఓబులమ్మ గుబులు తీరలేదు.

అంతలో వాకిట్లో ఎవరో నిలబడ్డారు. సులోచన. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. వెనుక నలుగురు కోడిపిల్లలు వణుకుతున్నారు.

"నవ్వుకో వదినా, నవ్వుకో" అంది సులోచన. "నిన్న నేను నవ్వాను కదా. నా అద్దం పొయ్యి పగిలిపోయింది."

"తడుస్తూ నవ్వమంటావేంటి? లోపలికి రా" అంది ఓబులమ్మ.

సులోచన పొయ్యిని ఎగాదిగా చూసింది. "అయితే అన్ని పొయ్యిల్లోకీ ఇదే మంచిదన్నమాట. నేనూ ఇదే కొనుక్కుంటా."

"అమ్మో, ఆ మాట అనకు! నీ గుండిగ దీని నోట్లో పట్టదు. అన్నిటిలోకీ ఏది మంచిదో నాకు ఇప్పటికీ తెలీదు సులోచనా. నా కుండకు ఏది మంచిదో అది మాత్రం తెలిసింది."

ఆ పొద్దున ఓబులమ్మ కుండలో మళ్ళీ నీళ్ళు పోసి, రెండోసారి సంగటి గెలికి, కోడిపిల్లలకు చిన్నచిన్న ముద్దలు చేసి పెట్టింది.

నీతి: మెరుపు చూసి, పక్కింటివాళ్ళను చూసి కొన్నది మన ఇంట్లో ఉడకదు. ముందు నీ కుండను, నీ ఇంటిని చూసుకుని, ఆ తరువాతే పొయ్యిని ఎంచుకో.