గోత్రం అడగని అమ్మ

పూర్వం, ఈ కొండకు ఇంకా పేరంటూ లేని కాలంలో, దీని దిగువనున్న కనుమదారిని ఎఱ్ఱభూపతి అనే మాండలికుడు పాలిస్తూ ఉండేవాడు. ఆయన ధర్మబుద్ధి కలవాడు, కలలోనైనా బొంకడని ఏటి ఇవతలా అవతలా పేరున్నవాడు. కనుమ దాటే బాటసారులు ఎండకు సొమ్మసిల్లడం చూసి, జగదంబ ఆలయానికి ఎదురుగా అన్నసత్రం కట్టించి, మధ్యాహ్నం వడ్డన ముగిసి అమ్మవారి తీర్థం పుచ్చుకునేదాకా తాను పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా నియమంగా ఉండేవాడు. ఇంతటి పుణ్యాత్ముడికి లోపమేముంటుందని మీరనుకోవచ్చు. అయ్యా, లోపం కూడా ఆ పుణ్యంలోనే ఉంది.

ఆ సత్రంలో ఒక ఆచారం ఉండేది. విస్తరి ముందు కూర్చున్న ప్రతి అతిథీ ఔపోశనానికి ముందు లేచి నిలబడి, తన పేరూ వంశమూ ఊరూ చెప్పాలి. ద్వారపాలకుడు దాన్నే గొంతెత్తి, లోయ అంతా మారుమోగేలా చాటాలి. పుచ్చుకున్నవాడెవడో తెలియకపోతే దానఫలం దాతకు చేరదని ఆలయ పురోహితుడు కేశవ సోమయాజి ఏనాడో చెప్పగా, భూపతి దాన్ని శిరసావహించాడు. నిజం చెప్పుకోవాలంటే, ఎన్నెన్ని దేశాలవారు తన అన్నం తింటున్నారో ఆ కేకలో వినడం ఆయనకు చెవులపండుగగా కూడా ఉండేది.

ఒక జ్యేష్ఠమాసంలో ఏటి అవతల యుద్ధం రేగింది. ఇనుము కరిగించి బతికే ఒక కమ్మరి పల్లెను అక్కడి సేనాని చుట్టుముట్టి, తన దండుకు బాణపు ములుకులు పోసిపెట్టమన్నాడు. నాగలి కర్రులు చేసిన కొలిమిలో మనుషులను చంపే ములుకులు పోయబోమని చెప్పి, అక్కడి మగవారు అడవి పట్టారు. సేనాని పల్లెను తగలబెట్టి, తప్పించుకున్న ఆడవారినీ పిల్లలనూ పట్టి తెమ్మని రౌతులను తోలాడు; వారిని ఎరగా కడితే మగవారు తామే వచ్చి కత్తికి మెడలొగ్గుతారని వాడి ఎత్తు. అలా రౌతులు తరుముతుండగా ఇరవైముగ్గురు ప్రాణులు, కాళ్ళు బొబ్బలెక్కి, పెదవులు పిడచకట్టి, సరిగ్గా వడ్డనవేళకు ఈ సత్రం చేరారు. వారిలో పెద్దది సూరవ్వ. ఆమె కొడుకులు ముగ్గురూ ఆ అడవిలోనే ఉన్నారు.

విస్తళ్ళు వేశారు. ద్వారపాలకుడు వచ్చి ఏ ఊరని అడిగాడు. సూరవ్వ పిల్లల విస్తళ్ళు సర్దుతూ కూర్చుంది. ఊరు లేకుండా ఆకాశం నుంచి ఊడిపడ్డావా అవ్వా అని అతడు నవ్వితే, అలాగే అనుకో నాయనా, ఆకాశానికి కూడా ఆకలేస్తుంది అందామె. పంక్తిలో నవ్వులు పుట్టాయి కాని, ఆచారం నవ్వులతో తీరేది కాదు కదా. సోమయాజి దయగలవాడు కనుక దగ్గరికి వచ్చి, ఏదో ఒక ఊరిపేరు చెప్పమ్మా, పిల్లలు సోలిపోతున్నారు, అని మెల్లగా నచ్చజెప్పబోయాడు.

అప్పుడు సూరవ్వ చేతులు జోడించింది. “ఎదురుగా తల్లి చూస్తోంది సామీ, ఆమె ముందు అబద్ధమాడి ముద్ద మింగలేను. నిజం చెబితే మీ కేక ఏరు దాటి పోతుంది, నా కొడుకులు మిగలరు. ఈ రెండూ కాని మాట నా దగ్గర లేదు.”

సోమయాజి భూపతి వంక చూశాడు. శాస్త్రాన్ని కాదనడానికి నేనెవరినని భూపతి తల దించుకున్నాడు. సూరవ్వ తన విస్తరిని మడిచింది. ఆమె వెనక ఇరవైరెండు విస్తళ్ళు మడతపడ్డాయి. వారంతా వెళ్ళి అమ్మవారి మండపంలో నీడకు కూలబడ్డారు.

వడ్డన అయ్యాక, భూపతి ఎప్పటిలాగే అర్చన చేయించుకుని తీర్థం పుచ్చుకోవడానికి గర్భగుడి ముందు నిలిచాడు. సోమయాజి సంకల్పం మొదలుపెట్టి గోత్రనామాలు చెప్పమన్నాడు. భూపతి నోరు తెరిచాడు. పేరు రాలేదు. గోత్రం రాలేదు. తాను పుట్టిన ఊరేదో, తండ్రి ఎవరో, కడిగిన పలకలా మనసంతా తుడుచుకుపోయింది. అన్నీ తెలిసిన సోమయాజి చెబుదామని చూస్తే, చిత్రం చూడండి, ఆయన నాలుకకూ ఆ పేరు అందలేదు. సంకల్పం లేనిదే అర్చన లేదు, అర్చన లేనిదే తీర్థం లేదు. ఉద్ధరిణె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

పొద్దుటినుంచి నీళ్ళు ముట్టని మనిషి. గొంతు ఎండి, కళ్ళు తిరిగి, తానెవరో తనకే తెలియక, మండపంలో స్తంభానికి చేరగిలబడ్డాడు. సూరవ్వ చూసింది. విస్తరి మీంచి తమను లేపినవాడని గుర్తుపట్టింది కూడా. దారిలో ఊటనీళ్ళు పట్టుకున్న సొరబుర్రలో మిగిలినది పసిపిల్లకని దాచింది. అందులోంచే ఆయన దోసిట్లో పోసింది.

“ముందు తాగు బిడ్డా. ఎవరివో తర్వాత గుర్తొస్తుందిలే.”

ఆ నీళ్ళు తాగి భూపతి పసివాడిలా ఏడ్చాడు. లేచి, తానే వంటశాలలోకి వెళ్ళి, అన్నపు గంప తలకెత్తుకుని వచ్చి ఇరవైమూడు విస్తళ్ళలోనూ వడ్డించాడు. చివరి విస్తరిలో ముద్దపప్పు పడ్డాక ఆయన పేరు ఆయనకు తిరిగి వచ్చింది. కాని ఆనాడు దాన్ని చాటమని ఎవరితోనూ అనలేదు. కాళ్ళకు కట్టుకట్టే వైద్యుణ్ణి, వారిలో నెలలు నిండిన ఒకామెకు మంత్రసానిని పిలిపించాడు. కొండవారన గుడిసెలు వేయించాడు.

మూడవనాడు రౌతులు వచ్చి, ఫలానా ఊరి కమ్మరులు ఇక్కడ దాగారా అని నిలదీశారు. భూపతి వాకిట నిలిచి, “మా సత్రంలో మనుషులున్నారు. ఏ ఊరివారో నాకు తెలియదు, నేను అడగలేదు” అన్నాడు. ద్వారపాలకుణ్ణి అడిగినా, సోమయాజిని అడిగినా తెలియదనే చెప్పారు. అందరూ చెప్పినది నిజమే. బొంకడని పేరుపడ్డ రాజు మాటను శంకించి అతని గడప తొక్కే ధైర్యం చాలక వారు గుర్రాలు మళ్ళించారు. వానలు పడి ఏరు పొంగేలోగా సూరవ్వ కొడుకులు ముగ్గురూ అడవిదారిన తల్లిని చేరుకున్నారు; గుడిసెల పక్కనే వారి కొలిమికి భూపతి చోటిచ్చాడు.

ఆ పల్లె పేరేమిటని మీలో ఎవరో ఒకరు అడగబోతున్నారు, నాకు తెలుసు. ఈ స్థలపురాణంలో ఆ పేరు లేదు తల్లీ, మా పెద్దలు కూడా అడగలేదు. ఆనాటినుంచి జగదంబకు అడగనమ్మ అనీ, ఈ కొండకు అడగనమ్మ కొండ అనీ పేరు నిలిచింది. సత్రం వాకిట ఒక ఎత్తైన రాయి ఉంది, చూడండి. దానిమీద దాతగా ఉన్న తన పేరును భూపతే ఉలితో చెరిపించివేశాడు, ఇప్పుడక్కడ చెయ్యి పెడితే నున్నగా తగులుతుంది. గుడిలో మీ గోత్రం అడగకుండానే తీర్థమిస్తే చిన్నబుచ్చుకోకండి. వరదకు ఇల్లు పోయినవారో, కొట్లాటకు ఊరు విడిచినవారో ఇప్పటికీ ఈ పంక్తిలో మీ పక్కనే కూర్చుంటారు. ఇక్కడ వడ్డించేవారికి అనుమతి ఉన్న ప్రశ్న ఒక్కటే: ఇంకాస్త పెట్టమంటారా?